గుమ్మం దగ్గరి రెండో జత

హాలు మధ్యలో గోనెసంచి బోర్లించి ఉంది. దాని చుట్టూ పదిహేడు చెప్పులు. మూడు తప్ప అన్నీ చిన్నపిల్లలవే. అన్నీ ఎడమకాలివే.

“సరిగ్గా దులుపు. అడుగున రెండోవి ఉన్నాయేమో” అంది నానమ్మ. రెండోవి దొరికితే ఏం ఒరుగుతుందో ఆవిడకే తెలియాలి.

“లేవు అత్తయ్యా! జతలు జతలుగా ఎత్తుకొచ్చి ఉంటే దొంగతనం అనైనా అనుకునేదాన్ని. దీన్ని ఏమనాలో కూడా నాకు తెలియట్లేదు.”

కోడలు కండక్టరమ్మ బస్సు డ్యూటీ నుంచి వచ్చి గంటయినా ఖాకీ చొక్కా మార్చుకోలేదు. తోలుసంచి ఇంకా భుజానికే ఉంది. చేతిలో బడి నుంచి వచ్చిన ఉత్తరం నలిగిపోయింది. రేపు పొద్దున తల్లిదండ్రులిద్దరూ రావాలనీ, పాపను వేరే బడిలో చేర్చే విషయం కూడా ఆలోచించుకుని రావాలనీ అందులో ఉంది.

దొరికిన చోటు ఇంకా ఘోరం. ఇంటికి ముందువైపు గది చెప్పుల షాపు. దాని వెనక నాన్న పనిచేసుకునే అర. అక్కడ చెక్క అచ్చుల కింద, తోలు ముక్కల మధ్య ఈ సంచి ఉంది. చెప్పులు కుట్టే ఇంట్లో చెప్పులు దాస్తే ఎవడు కనిపెడతాడు? ఆయన రోజూ దాని మీదే కాలు పెట్టుకుని కుట్టాడు.

ఇప్పుడు ఆయన గోడకి ఆనుకుని కూర్చుని, ఒక చెప్పు తిరగేసి చూస్తున్నాడు.

“కుట్టు బాగుంది” అన్నాడు నెమ్మదిగా.

భార్య ఆయనకేసి ఒక్క చూపు చూసింది. ఆయన చెప్పు కింద పెట్టేశాడు.

ఇంత గొడవకీ కారణమైన మనిషి తలుపు చెక్క పట్టుకుని నిలబడి ఉంది. ఐదేళ్ళు నిండి మూడు నెలలు. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడిపోయేంత ఉండటం వల్ల, అరిస్తే మాత్రం వీధి దద్దరిల్లడం వల్ల, నానమ్మ దానికి మిరియం అని పేరు పెట్టింది. అసలు పేరు బడి రిజిస్టరులోనే ఉంది.

“ఎందుకు తెచ్చావే?” అంది అమ్మ. అరవలేదు. అరిచే ఓపిక లేదు.

మిరియం అమ్మ కాళ్ళకేసి చూస్తోంది.

“నిన్నేనే అడుగుతున్నది. ఎవరైనా తెమ్మన్నారా?”

“లేదు.”

“మరి?”

“ఊరికే.”

“ఊరికే పదిహేడా!” నానమ్మ ముక్కున వేలేసుకుంది. “పోన్లేవే, చిన్నపిల్ల. రేపు అన్నీ పట్టుకెళ్ళి ఇచ్చేస్తే సరి. ఆ బడివాళ్ళకీ మరీ చోద్యం, చెప్పులకి ఉత్తరాలేంటి?”

“మీరలా వెనకేసుకు రాబట్టే ఇంతదాకా వచ్చింది.”

“నేనా? పొద్దున చీకటుండగా నువ్వు వెళ్ళిపోతే సాయంత్రం దాకా దీన్ని చూసుకున్నది నేను. ఎనిమిదో నెల నుంచీ చూస్తున్నాను. ఇప్పుడు తప్పు నాదైంది!”

 ఈ ఇంట్లో ఆ మాట వచ్చినప్పుడల్లా మాటలు అక్కడితో ఆగిపోతాయి. కండక్టరమ్మ సంచి తీసి మేకుకి తగిలించి లోపలికి వెళ్ళిపోయింది.

మిరియం ఆ సంచికేసి చూసింది. తర్వాత గుమ్మం దగ్గరికి వెళ్ళి, అమ్మ విప్పిన చెప్పులు రెండూ ఉన్నాయో లేదో చూసి వచ్చింది.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ గారి గదిలో నాలుగు కుర్చీలున్నాయి. ఐదో కుర్చీ తెప్పించారు, నానమ్మ కూడా వచ్చింది కాబట్టి. రావద్దన్నారు. వచ్చింది.

“చూడండి” అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. “ఒక తండ్రి కూతుర్ని ఎత్తుకుని బస్సెక్కాడు. మా ఆయా రెండు రోజులు ఒట్టికాళ్ళతో తిరిగింది. మీది చెప్పుల షాపు అని తెలిశాక కొందరు ఇంకా అసహ్యంగా మాట్లాడుతున్నారు. నేను ఎంతమందికి సర్దిచెప్పను?”

చెప్పులాయన ముఖం ఎర్రబడింది. ఇరవయ్యేళ్ళ వ్యాపారంలో ఒకరి వస్తువు ఆశించి ఎరగడు. ఆ సంగతి ఇక్కడ ఎలా చెప్పాలో తెలియక సంచి మూతి విప్పి, “అన్నీ తుడిచి తెచ్చాను మేడం. రెండింటికి పట్టీ ఊడితే కుట్టాను” అన్నాడు.

అప్పటిదాకా కిటికీ దగ్గర నిలబడిన క్లాసు టీచరు వచ్చి కూర్చుంది. నడివయసు మనిషి. చేతిలో చిన్న నోటుపుస్తకం ఉంది.

“మేడం, ఒక్క పది నిమిషాలు నాకివ్వండి. నేను రెండు వారాలుగా పాపని గమనిస్తున్నాను. ముందు నాకూ కోపమే వచ్చింది, నా చెప్పు కూడా పోయింది కాబట్టి.” ఆవిడ నవ్వింది. “మా క్లాసులో చాప మీద కూర్చుంటారు. చెప్పులు బయట అరలో పెడతారు. పాప తీసేది ఎప్పుడూ ఇంటి గంటకి ముందే. పొద్దున ఎప్పుడూ తీయలేదు.”

“తీసేది ఎప్పుడైతే ఏంటండీ?” అంది కండక్టరమ్మ.

“ఎవరివి తీసిందో వినండి. పక్కన కూర్చునే పిల్లవి మూడుసార్లు. అన్నం తినిపించే ఆయావి. నావి. బొమ్మలకి రంగులిచ్చే పిల్లాడివి. క్లాసులో ఒక గిల్లేవాడున్నాడు. పాపని రోజూ గిల్లుతాడు. వాడి చెప్పులు ఒక్కసారి కూడా పోలేదు.”

“మంచిదేగా” అంది నానమ్మ.

“అంతే కాదమ్మా. గంట కొట్టగానే వాడి చెప్పులు రెండూ తనే తెచ్చి వాడి కాళ్ళ ముందు పెడుతుంది.”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు హెడ్మిస్ట్రెస్ గారికి అర్థమైంది. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“అంటే...”

“అంటే వాడు త్వరగా వెళ్ళిపోవాలి. తనకి ఇష్టమైనవాళ్ళు వెళ్ళకూడదు. ఒక చెప్పు లేకపోతే మనిషి ఎక్కడికీ వెళ్ళలేడని పాప లెక్క.”



“నేను చాలామంది పిల్లల్ని చూశాను మేడం” అంది టీచరు. “కొందరు కొడతారు, కొందరు కొంగు వదలరు, కొందరు ఎవరి ముఖమూ చూడరు. అది ఇక్కడికొచ్చి నేర్చుకున్నది కాదు. మాటలు రాకముందే, ఎత్తుకున్నవాళ్ళ దగ్గర నేర్చుకుంటారు. మనుషులు ఉంటారా, పోతారా, పోతే వస్తారా అన్న సంగతి. బడిలో మనం చూసేది దాని తర్వాత కథ. కానీ దాన్ని ఇంత ఆలోచించి, ఇంత పద్ధతిగా చేసిన పిల్లని నేను చూడలేదు. నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు.” తర్వాత గొంతు తగ్గించి అడిగింది: “ఇంట్లో ఈ చెప్పుల సంగతి ఏదైనా ఉందా?”

“మా షాపే చెప్పుల షాపు కదండీ...” అని కండక్టరమ్మ మొదలుపెట్టి ఆగిపోయింది. పక్కన భర్త తల దించుకున్నాడు. నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏంటి?” అంది కండక్టరమ్మ. “ఏంటండీ?”

“నేనే చెయ్యమన్నాను” అంది నానమ్మ గబగబా. “వాడి తప్పేం లేదు.”

“ఏం చెయ్యమన్నారు?”

చెప్పులాయన నేలకేసి చూస్తూ చెప్పాడు. “నువ్వు మళ్ళీ డ్యూటీలో చేరినప్పుడు ఇది ఆగకుండా ఏడ్చేది కదా. చెప్పి వెళ్తే ఏడుస్తోందని వెనక గుమ్మం నుంచి వెళ్ళిపొమ్మన్నాం. నువ్వూ సరేనన్నావు.”

“అన్నాను.”

“లేచాక ముందు గుమ్మం దగ్గరికి పాకేది. నీ చెప్పులు లేకపోతే మొదలుపెట్టేది. అందుకని... నీ చెప్పులలాంటివే ఇంకో జత కుట్టాను. అదే తోలు, అదే పట్టీ. నువ్వు వెళ్ళగానే గుమ్మం దగ్గర పెట్టేవాణ్ణి. సాయంత్రం నువ్వు వచ్చేలోపు తీసేసేవాణ్ణి.”

“ఎన్నాళ్ళు?”

“బడిలో చేరేదాకా.”

“నాలుగేళ్ళు!”

“అవి చూసి ఏడుపు ఆపేసేదే” అంది నానమ్మ.  “అమ్మ ఇంట్లోనే ఉంది, స్నానం చేస్తోంది అనేదాన్ని. వెళ్ళి స్నానాలగది తలుపు దగ్గర కూర్చునేది. బుద్ధిగా కూర్చునేది. ఎంత మంచిపిల్ల అని మురిసిపోయేదాన్ని.”

కండక్టరమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. బయట పిల్లలు ఆడుకుంటున్నారు. రోజుకి ఐదొందల మందిని ఎక్కించి దించే మనిషి. ఎవరు ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగాలో ముఖం చూసి చెప్పగలదు. తన ఇంట్లో ఒక చిన్నప్రాణి నాలుగేళ్ళు మూసిన తలుపు ముందు కూర్చున్న సంగతి మాత్రం తెలియలేదు.

“వారం రోజులు చూస్తాను” అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు చివరికి. “టీచర్ కోసం. కానీ ఇంకొక్క చెప్పు పోయినా ఈ పిల్లని ఇక్కడ ఉంచలేను. దయచేసి అర్థం చేసుకోండి.”

“నేనేం చెయ్యాలి టీచర్ గారూ?” అంది కండక్టరమ్మ, వెనక్కి తిరగకుండానే.

“చెప్పి వెళ్ళండి. ఏడుస్తుంది, ఏడవనివ్వండి. ఎప్పుడు వస్తానన్నారో అప్పటికి రండి. ఒక్క నిమిషం కూడా ఆలస్యం కావద్దు. అంతకంటే నాకూ తెలియదు.”

ఆ సాయంత్రం నానమ్మ పిలవకుండానే పిల్ల తల దువ్వింది. చెప్పులాయన షాపు తెరిచాడు గానీ వచ్చినవాళ్ళకి సైజు చూపించి ఊరుకున్నాడు.

చీకటి పడకముందే కండక్టరమ్మ అటక మీద నుంచి భర్త చూపించిన పాత అట్టపెట్టె దింపింది. అందులోంచి ఆ రెండో జత తీసి హాల్లో పెట్టింది. పక్కనే తన కాళ్ళవి విప్పి పెట్టింది. మనసులో ఎంత మంట ఉన్నా, ఆవిడ కూడా ఒక్క నిమిషం తేల్చుకోలేకపోయింది. అంత బాగా కుట్టాడు మహానుభావుడు.

“మిరియం, ఇలా రా. వీటిలో నావి ఏవో తెలుసా?”

పిల్ల వచ్చింది. వంగి చూడను కూడా చూడలేదు. వేలు పెట్టి చూపించింది.

“ఇది నువ్వు. ఇది నాన్న.”

“ఏంటి?”

“ఇది నువ్వు వేసుకునేది. ఇది నాన్న పెట్టేది.”

షాపు గుమ్మంలో నిలబడిన చెప్పులాయన చేతిలోంచి సుత్తి జారి కింద పడింది. ఎవరూ అటు చూడలేదు.

“నీకెలా తెలుసే?”

మిరియం కింద కూర్చుంది. అమ్మ చెప్పులో బొటనవేలు ఆనే చోట తన వేలు పెట్టింది. “ఇక్కడ నీకు గుంట ఉంటుంది. నాన్నదానికి లేదు. ఇంకా ఇటు పక్క అరిగిపోతుంది.” కుడి మడమ చూపించింది. కదిలే బస్సులో తొమ్మిదేళ్ళుగా కుడికాలు మీద బరువు వేసి నిలబడితే పడ్డ అరుగుదల అది. కండక్టరమ్మకే ఇన్నాళ్ళూ తెలియదు.

“ఎప్పటి నుంచి తెలుసు?”

“ఎప్పుడూ తెలుసు.”

“మరి స్నానాలగది దగ్గర ఎందుకు కూర్చునేదానివి?”

“నానమ్మ కూర్చోమందిగా.”

“మరి ఇవి నావి కావని ఎవరికీ ఎందుకు చెప్పలేదు తల్లీ?”

పిల్ల అమ్మ ముఖంలోకి చూసింది. ఇంత తెలియనిదానివేంటి అన్నట్టు చూసింది.

“చెప్తే ఇవి కూడా తీసేస్తారుగా.”

 మాటలు కూడా సరిగ్గా రాని రోజుల్లో ఈ పిల్ల ముగ్గురు పెద్దవాళ్ళని చూసి, వాళ్ళ మోసం తెలుసుకుని, ఉన్నదీ పోతుందేమో అని నోరు మూసుకుంది. దాని చెవిలో పూలు పెట్టామని వీళ్ళు అనుకున్నారు. కండక్టరమ్మకి పిల్లని దగ్గరికి తీసుకోవాలనిపించింది, కానీ అంత పెద్ద ప్రాణిని ఎలా పట్టుకోవాలో ఒక్క క్షణం తెలియలేదు.

“మరి ఎడమవే ఎందుకు తీస్తావు?” అని నాన్న అడిగాడు. 

“అమ్మ కుడిది ముందు వేసుకుంటుంది. ఎడమది వేసుకుంటే వెళ్ళిపోతుంది.”

చెప్పులాయన భార్య కుడికాలికేసి, ఎడమకాలికేసి చూశాడు. పెళ్ళయి పదకొండేళ్ళు. ఆ కాళ్ళ కొలతలు ఆయనకి నోటికి వచ్చు. ఏ కాలు ముందో మాత్రం ఎరగడు.

ఆయన వచ్చి ఆ రెండో జతని తీసుకోబోయాడు. మిరియం గట్టిగా పట్టుకుంది.

“ఉండనీ నాన్నా. అవి నీవి.”

సోమవారం ఉదయం ఆరింటికి కండక్టరమ్మ ఖాకీ చొక్కా వేసుకుంది. రెండు రోజులు డిపోలో ఒక్కొక్కరినీ బతిమాలి, మూడింటికి దిగిపోయే డ్యూటీ వేయించుకుంది. ఆరు రోజులకే. ఆరు రోజుల తర్వాత సంగతి అప్పుడు చూసుకోవాలి.

పిల్లని నిద్రలేపింది.

“నేను డ్యూటీకి వెళ్తున్నాను. ముందు గుమ్మం నుంచే వెళ్తున్నాను. నాలుగింటికి ఇంటి గంట కొట్టేసరికి నీ బడి గేటు దగ్గర ఉంటాను.”

మిరియం రెండు క్షణాలు చూసింది. తర్వాత మొదలుపెట్టింది. నాలుగేళ్ళుగా దాచుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చినట్టుంది. కాలు చుట్టుకుని, చొక్కా పట్టుకుని, కింద పడి దొర్లింది. ఎదురింటివాళ్ళు కిటికీ తీశారు.

“అయ్యో, నువ్వు వెనక నుంచి వెళ్ళిపోవే. దాన్ని నేను చూసుకుంటా” అని నానమ్మ అలవాటుగా అనేసి, వెంటనే నోరు మూసుకుంది.

కండక్టరమ్మ గుమ్మంలోనే కూర్చుంది. ఏడుపు వింది.  అరగంట తర్వాత పిల్ల ఎక్కిళ్ళ మధ్య లేచి లోపలికి వెళ్ళింది. మేకు మీది తోలుసంచిని కుర్చీ ఎక్కి దింపి, రెండు చేతులా మోసుకొచ్చి ఇచ్చింది.

“నాలుగింటికా?”

“నాలుగింటికి.”

ఆవిడ కుడి చెప్పు వేసుకుంది. ఎడమ చెప్పు వేసుకుంది. మలుపు దాకా వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళింది. మిరియం గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది.

రెండో స్టాపులో జనం ఎక్కాక టికెట్ల కోసం సంచిలో చెయ్యి పెడితే మెత్తగా ఏదో తగిలింది. తీసి చూసింది. చిన్న చెప్పు. వాళ్ళ నాన్న కుట్టిందే. ఎడమకాలిది.

“అక్కా, రైట్ చెప్పు!” అని డ్రైవరు రెండుసార్లు కేకేశాడు. ఆవిడ విజిల్ ఊదలేకపోయింది.

మధ్యాహ్నం భోజనం వేళ బడికి ఫోను చేసింది.

“ఒక చెప్పుతోనే వచ్చిందమ్మా” అంది టీచరు. ఆవిడ గొంతులో నవ్వో ఏడుపో తెలియడం లేదు. “మీ ఆయన ఇంకో జత తెచ్చారు, వేసుకోలేదు. ఇంకోటి ఏదని అడిగాను. అమ్మ దగ్గరుంది, నాలుగింటికి వస్తుందంది. ఏది వస్తుంది, చెప్పా, అమ్మా అని అడిగాను. రెండూ అంది. ఇప్పుడే వెళ్ళి చూసొచ్చాను. అరలో అందరి చెప్పులూ జతగానే ఉన్నాయి.”

ఫోను పెట్టేశాక కండక్టరమ్మ చాలాసేపు ఆ చెప్పుని చూస్తూ కూర్చుంది. ఇన్నాళ్ళూ ఎవరినీ వెళ్ళనివ్వకూడదని చూసిన పిల్ల, ఈరోజు అమ్మని వెళ్ళనిచ్చింది. తను మాత్రం అమ్మ వచ్చేదాకా బడి నుంచి కదలనని తన చెప్పునే పంపించింది. ఇంత పెద్ద మాట తనతో ఎవరూ అనలేదు.

మూడింటికి ఐదు నిమిషాలుండగా బస్సు డిపోలోకి వచ్చింది. టికెట్ల లెక్క అప్పజెప్పడానికి కంట్రోలర్ గది దగ్గరికి వెళ్ళేసరికి, ఆయన తల ఎత్తకుండానే అన్నాడు.

“నీ తర్వాత మనిషి రాలేదమ్మా. కబురు కూడా లేదు. ఇంకొక్క ట్రిప్పు వేసెయ్యి.”

“నా వల్ల కాదు సార్. నాలుగింటికి నేను...”

“ఐదింటికల్లా వచ్చేస్తావు. బస్సు నిండా జనం కూర్చుని ఉన్నారు. వాళ్ళనేం చెయ్యమంటావు? కాదంటే రిపోర్టు రాయాల్సి వస్తుంది. ఈ డ్యూటీ వేయించుకోవడానికి ఎంతమందిని అడిగావో గుర్తుంది కదా?”

బయట డ్రైవరు హారన్ కొట్టాడు. బస్సు కిటికీల్లోంచి జనం ఇటే చూస్తున్నారు. గోడ మీద గడియారం మూడు దాటి రెండు నిమిషాలు.

కండక్టరమ్మ సంచి తెరిచింది. ఆ చిన్న చెప్పుని తీసి, ఆయన రాస్తున్న రిజిస్టరు మీద పెట్టింది.

“ఏంటిది?” అన్నాడు కంట్రోలర్.

“దీని రెండోది బడి గేటు దగ్గర నిలబడి ఉంటుంది సార్. నేను వెళ్ళేదాకా అది అక్కడి నుంచి కదలదు.”

ఆయన కలం పక్కన పెట్టాడు. చెప్పుని చేతిలోకి తీసుకుని, కొత్తగా అరగడం మొదలైన ఆ చిన్న మడమకేసి చూశాడు. తర్వాత గడియారంకేసి చూశాడు.